నలుపు మొదలైన చోట

బోరు నీళ్లు వచ్చేటప్పుడు తేటగానే ఉంటాయి.
ఎనిమిదొందల అడుగుల చీకట్లోంచి ఎగజిమ్మి
బిందెలో పడి, కాసేపటికి కుదురుకొని
నా మొగం నాకే చూపిస్తాయి.
తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి.
మా అత్త వీరనాగమ్మ బిందె బోర్లించి
“రేత్రి ఎవురో దిష్టి పెట్నారే” అంటాది.
దిష్టి కాదత్తా, గాలి తగిలింది.
చీకట్లో కరిగున్న ఇనుము
ఊపిరి అందేసరికి మళ్లీ తుప్పయి కూచునింది.

ఈ మాట నాది కాదు, విశాలాక్షి మేడంది.

వేంపల్లె బయట, పాపాగ్నికి రెండు మైళ్ల ఈవల
రేకుల షెడ్డులో నా కొలువు.
భూమిని తొలిచి తీసిన రాతి కడ్డీలను
తట్టల్లో వరసగా పడుకోబెట్టి
ఒక్కోదాని వీపు మీద తెల్లరంగుతో లోతు రాస్తాను.
రెండొందల పన్నెండు మీటర్ల దాకా బూడిద రంగు,
పాచి పొర మీద పొర పేరిన గుర్తులు,
చల్లారిన సంకటి మీద కట్టిన తొక్క మాదిరి.
ఆడ్నుంచి ఉన్నట్టుండి నలుపు.
గోటితో గీకితే కాటుక.

“ఇక్కడ సముద్రానికి ఊపిరాడలేదు” అనింది మేడం.
కడప జిల్లాలో సముద్రమా! నవ్వొచ్చింది.
మా వంకలో నీళ్లు పారి మూడేండ్లు.
“నూట తొంభై కోట్ల ఏండ్ల కిందట.”
బ్రష్షు కింద పెట్టినాను.

ఊపిరి తగ్గిన నీళ్లలో
లోహాలన్నీ ఒక్క తీరున ఉండవంట.
మాంగనీసు ముందు జారుకుంటాది,
గట్టిగా ఉన్నది కాస్తా కరిగి
నీళ్లు యాడికి పోతే ఆడికి.
దాని వెనకాలే ఇనుము.
మాలిబ్డినం అట్లా కాదు.
గాలి ఉన్నన్నాళ్లు ఏ రేవులోనూ ఆగని దిమ్మరి,
కుళ్లిన గుడ్ల వాసన ఎదురుపడితే చాలు,
గంధకం చెయ్యి పట్టుకొని బురదలో కూలబడతాది.
యురేనియానికీ అంతే,
వెలుతురు నీళ్లలో చుట్టం, చీకట్లో కాపురం.
గంగాళం నీళ్లు మరగబెట్టినా కంటికి ఆనని పిసరు
ఒక్క చోటే దిగి, దిగి, దిగి
ఈ నలుపు.

నాకు లోహాలు తెలియవు.
ఊపిరి తగ్గేది తెలుసు.

మా నాయన దస్తగిరి
పులివెందుల దిక్కు రాతినార గనుల్లో
పద్దెనిమిదేండ్లు దిగి ఎక్కిన మనిషి.
వేలికి తగిలించిన క్లిప్పు మీద ఎనబై నాలుగు.
అన్న ఓబులేసు ఎప్పుడో ఇల్లు వదిలినాడు,
బళ్లారి అన్నారు, హోస్పేట అన్నారు,
ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు.
నాయన పల్లెత్తు మాట అనలేదు.
ఏదైనా లోపలికి దించుకునే రకం.

కడప రిమ్సులో సిలిండరు పెట్టిన రాత్రి
తొంభై, తొంభై రెండు, తొంభై నాలుగు.
మాస్కు కింద పెదాలు కదిలినాయి.
పక్కకు జరిపి చెవి పెట్టినాను.
“సుంకన్నకు నూటిరవై ఇయ్యాల.”

సుంకన్న పోయి ఇరవై రెండేండ్లు.
నాయనకు జరమొచ్చిన పొద్దు
నాయన బదులు గనిలోకి దిగినాడు.
నూటిరవై, ఒక షిఫ్టు కూలి.

ఊపిరి అందితే
నలుపు కూడా పట్టు వదులుతాదని
మేడం ఆ రోజే చెప్పింది గానీ
నేను రంగు డబ్బా మూతతో కుస్తీ పడతా ఉన్నాను,
సగమే విన్నాను.

సుంకన్న పెండ్లాం నోట్లు తీసుకోలేదు.
తిప్పి చూసి, మళ్లీ నా చేతిలో పెట్టి,
“మజ్జిగ తాగుతావా” అనింది.
తాగినాను.

షెడ్డులో కడ్డీ అట్లే ఉంది.
బూడిద ఆగి నలుపు మొదలైన చోట
రెండొందల పన్నెండు పాయింటు నాలుగు
అని రాసినాను.
ఆరేదాకా వేలు పెట్టకూడదు.